స్వెటరక్క పెంచిన రాతిచెట్లు

రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునేంత ఎండలో, మెడ దాకా ఉన్ని స్వెటరు వేసుకుని, చంకలో టిఫిన్ డబ్బా పెట్టుకుని బస్సు దిగే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ వీధికీ వచ్చింది. మొదట్లో వెనక నవ్వారు, తర్వాత ఎదురుగానే నవ్వారు, చివరికి పేరే పెట్టేశారు. ఇప్పుడు ఆమె అసలు పేరు చెబితే పోస్టుమాన్ కూడా బుర్ర గోక్కుంటాడు. స్వెటరక్క అంటే మాత్రం చిన్న పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

బస్సెక్కే ముందే అది విప్పి సంచిలో పెట్టుకోవచ్చు కదా అని అడిగినవాళ్లు లేకపోలేదు. పొద్దస్తమానం ఫ్రిజ్జులాంటి గదిలో ఉండి వచ్చిన మనిషికి ఎండలోకి వచ్చిన వెంటనే చలి వదలదు. ఇంటికి చేరి, టీ తాగి, కాసేపు గోడకి ఆనుకుని కూర్చుంటే గానీ మోకాళ్లు మాట వినవు. ఆ సంగతి ఎంతమందికని చెప్పుకుంటుంది? నవ్వుకోండి, నవ్వితే మీ పళ్లే కదా కనబడేది అనుకుని ఊరుకుంది.

ఆమె పనిచేసేది రేవు వెనకున్న సముద్ర పరిశోధన కేంద్రంలో. మెట్లు దిగి కిందికి వెళితే ఒక పొడవాటి వరండా, దాని చివర మందపాటి తలుపు, తలుపు వెనక నల్లటి తెర, తెర వెనక చలిగది. పెళ్లయిన కొత్తలో ఆమె రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు మధ్య నిలబడి ప్యాకింగు చేసేది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, చలికి తట్టుకునే మనిషి కావాలని ఎవరో అంటే ఇక్కడికి వచ్చింది. వచ్చినవాళ్లందరినీ కాసేపు ఆ గదిలో ఉంచి చూశారట. మిగతావాళ్లు చేతులు నలుపుకుంటూ బయటికి వచ్చి చెప్పకుండా వెళ్లిపోయారు. ఈవిడ మాత్రం తాపీగా వచ్చి, కూర్చోవడానికి స్టూలు ఇస్తారా అని అడిగింది. ఆ స్టూలు ఇప్పటికీ ఉంది, కుంటుతుంది, అయినా ఆమె దాని మీద ఇంకెవరినీ కూర్చోనివ్వదు.

చలిగదిలో ఉండేవి పగడాలు. ఆ మాట వినగానే పక్కింటావిడ, "మెళ్లో వేసుకునేవా? నాకో రెండు తెచ్చిపెట్టకూడదూ" అంది. ఇవి అవి కావు. ఎండ తగిలే వెచ్చటి నీళ్లలో రంగురంగులుగా ఉంటాయే, అవి కూడా కావు. వెలుతురు చొరబడని లోతులో, ఐసునీళ్లంత చల్లటి చోట పెరిగే రకం. చూడ్డానికి ఆకులు రాలిన చిన్న చెట్టులా ఉంటుంది, తాకితే రాయి. కొమ్మకొమ్మకీ గుంటలుంటాయి, గుంటకొక ప్రాణి. అది సన్నటి తీగలు చాపుకుని, నీటి వాలులో కొట్టుకొచ్చే తిండిని పట్టుకు తింటుంది. ఏడాదికి గోరంత పెరిగితే గొప్ప. అలా వేల ఏళ్లు పెరిగి పెరిగి సముద్రం అడుగున దిబ్బలు కడతాయి, ఆ దిబ్బల సందుల్లో చేపపిల్లలు, పీతలు, నక్షత్ర చేపలు, ఇంకా పేరు పెట్టని జీవాలెన్నో తలదాచుకుంటాయి. మన ఇళ్లు పునాది నుంచి పైకప్పు దాకా రెండేళ్లలో లేచి ఇరవై ఏళ్లకి కారడం మొదలెడతాయి, వాటితో మనకి పోలికేమిటి.

ఈ పగడాలు గదిలోకి వచ్చింది ఆమె అన్నయ్య వల్ల. అన్నయ్య మరపడవ కెప్టెన్. అడుగున ఈడ్చే పెద్ద వల వేసి చేపలు పట్టేవాడు. చాలా ఏళ్ల కిందట ఒకసారి ఆయన వల చేపలతో కాక రాళ్లతో నిండి వచ్చింది. పడవవాళ్లు వాటిని రాతిచెట్లంటారు. వల చిరిగిందన్న కోపంలో ఆయన వాటినన్నిటినీ రేవులో గుట్టగా పారబోయించాడు. చెల్లెలు టిఫిన్ డబ్బాతో అటుగా వెళుతూ చూసింది. కొన్ని కొమ్మల మీద జిగురు ఇంకా ఆరలేదు, అంటే ప్రాణం ఉన్నట్టే. డబ్బాలోని తిండి కాకులకి వేసి, ఐసు బండివాడిని బతిమాలి ఐసుముక్కలు తీసుకుని, రెండు బకెట్ల సముద్రపు నీళ్లలో ఆ కొమ్మలు ముంచి పరుగున పరిశోధన కేంద్రంలోని మేడం దగ్గరికి తెచ్చింది. చాలా చచ్చాయి. కొన్ని బతికాయి. ఆ కొన్నిటినే ముక్కలు చేసి, సిమెంటు బిళ్లల మీద అతికించి, ఇన్నేళ్లుగా చలిగది తొట్టిలో పెంచుతోంది.

అన్నయ్య మాత్రం ఒక్కసారి కూడా ఆ గది చూడ్డానికి రాలేదు. "నాకు చలి పడదమ్మా" అనేవాడు. నడిసముద్రంలో తుపానుకి తడిసిన మనిషికి గదిలో చలి పడదట. ఆమె కూడా తరచి అడగలేదు. కొన్ని సంగతులు అన్నాచెల్లెళ్ల మధ్య అడగకుండానే తెలిసిపోతాయి.

కానీ రాతిచెట్లు విరిగిన చోట చేప తగ్గిపోతూ రావడం ఆయన కళ్లారా చూశాడు. మేడం చెప్పినప్పుడు పడవలవాళ్లు నమ్మలేదు, ఈయన చెప్పినప్పుడు విన్నారు. ఆ చోట ఎవరూ వల వేయకూడదని రేవు సంఘంలో లేచి నిలబడి మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. "వల వెయ్యకపోతే సరిపోతుందా? విరిగింది విరిగింది కదా. మీ చెల్లెలు సముద్రంలో తోట వేస్తుందా ఏంటి?" అని ఒకడు వెటకారం చేశాడు.

"వేస్తుంది" అన్నాడాయన.

సభంతా గొల్లుమంది. అయినా ఆయన మాట మీద ఒక ఏడాదికి ఒప్పుకున్నారు. పెట్టిన చెట్లు బతికితే ఆ చోటు వదిలేస్తాం, లేకపోతే మళ్లీ వల వేస్తాం అన్నారు. పగడపు బిళ్లల్ని ఇనుప చట్రాలకు బిగించి అడుగుకు దింపడానికి ఒక ఓడ కుదిరింది. ఓడంటే అద్దె సైకిలు కాదు, పిలిచినప్పుడల్లా రాదు. అది వచ్చేది ఈ వారం. ఈ వారంలోనే పగడాలన్నీ ముడుచుకుపోయాయి.

ఒకటి కాదు, రెండు కాదు, తొట్టి మొత్తం. తీగలన్నీ లోపలికి లాక్కుని, రాతిగుంటలు బోసిగా మిగిలాయి. వేసిన తిండి వేసినట్టే అడుగున పడి ఉంటోంది. స్వెటరక్క తిండి మార్చి చూసింది. రొయ్యపిల్లల్ని ఇంకా సన్నవి వడగట్టి, పొడవాటి గాజుగొట్టంతో ఒక్కో గుంట దగ్గరా జారవిడిచింది. ఒక్కటీ నోరు తెరవలేదు. మేడం వచ్చి ఉప్పు చూసింది, చలి చూసింది, నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"నీటి వాలు సరిగ్గా ఉందా అక్కా? కొత్త పంపు కదా" అంది మేడం.

"వాల్వు గీత దగ్గరే ఉందమ్మా. నేనే గీశాను, నేనే తిప్పుతున్నాను" అంది స్వెటరక్క.

ఆమె అంత గట్టిగా చెప్పాక మేడం ఇక దాని జోలికి పోలేదు. ఇంతకాలం పగడాల విషయంలో ఆమె మాట తప్పింది లేదు మరి. ఎల్లుండి పొద్దున్న ఓడ ఎక్కించాలి, రేపటికి కూడా తెరుచుకోకపోతే పంపలేం అని మెల్లగా చెప్పి మేడం పైకి వెళ్లింది. ఆ మెల్లగా చెప్పడమే ఆమెకు మరీ కష్టంగా తోచింది. తిట్టినా బాగుండేది.

ఇంట్లో ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మొగుడు బస్సు డ్రైవరు, రోజంతా జనం గోల విని విని ఇంట్లో నిశ్శబ్దం కావాలని కోరుకునే మనిషి. కానీ ఇలాంటి నిశ్శబ్దం కాదు. ఆమె ముద్ద కలిపి అలాగే కూర్చుంటే చూడలేక, ఆమె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లగానే ఆమె అన్నయ్యకి ఫోను చేశాడు.

"బావా, మీ చెల్లెలు తిండి మానేసింది. అడిగితే ఏం లేదంటోంది. నువ్వొకసారి వచ్చి చూడు. నా మాట ఎలాగూ వినదు."

మర్నాడు పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. ఇంటికి కాదు, తిన్నగా పరిశోధన కేంద్రానికి. కాపలాదారు మెట్లు చూపించాడు. ఆయన వరండా పొడుగూతా నడిచి, ఆ మందపాటి తలుపు తీశాడు. పడవ మీద తలుపులు తీసి అలవాటైన చెయ్యి, బార్లా తీసింది. నల్లటి తెర అడ్డమొస్తే దాన్ని కూడా ఒక పక్కకి లాగి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు, లోపల ఏమీ కనిపించక.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. తలుపు వేశాకే తెర తీయాలి. పగడాలు చీకట్లో బతికేవి. తెల్లటి వెలుతురు పడితే అవి బెదురుతాయి, తొట్టి గాజుకి పాచి పడుతుంది. అందుకే లోపల ఒక మూల ఎర్రటి చిన్న దీపం తప్ప ఇంకేమీ వెలగదు. అలాంటి చోట వరండాలోని ట్యూబులైట్ల వెలుతురంతా ధారగా లోపలికి పడింది.

"తలుపు వేసెయ్యి" అని కసిరింది స్వెటరక్క. వచ్చింది ఎవరో కూడా చూడలేదు. వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టుకుని తొట్టి వైపు తిరిగింది, పగడాలు ఏమయ్యాయోనని. చూపు దారిలో నీళ్ల గొట్టం మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

తెల్లటి గొట్టం మీద, వాల్వు పిడి పక్కన, రెండు గీతలున్నాయి. ఒకటి పాత నల్లగీత. పిడి దాని ఎదురుగా ఉంది. రెండోది బాగా కిందుగా, నిగనిగలాడుతున్న ఎర్రగీత.

సంగతేమిటో ఇక్కడ చెప్పాలి. పగడాలకి తిండి వేసేటప్పుడు తిండి కొట్టుకుపోకుండా వాల్వు కట్టేస్తారు, అవి తిన్నాక మళ్లీ గీత దాకా తిప్పుతారు. రోజూ చేసే పని. పాత పంపు ముసలిది, మూలిగేది. ఆ మూలుగు బట్టే ఎంత నీరు పోతోందో ఆమె చెవికి తెలిసేది. అది చెడిపోయాక కొత్తది బిగించారు. దీనికి బలం ఎక్కువ, చప్పుడు సున్నా. బిగించిన రోజు పనివాళ్ల కోసం గదిలో తెల్ల దీపాలు వేసి, తొట్టిని దుప్పటితో కప్పారు. ఇంత బలమైన పంపుకి వాల్వు కొంచెం తెరిస్తే చాలని కొలిచి, కొత్త గీత పెట్టమన్నారు. తడి గొట్టం మీద పెన్ను నిలవదు. ఎప్పుడూ వాడే నల్ల రంగు డబ్బాలో ఎండిపోయింది. సంచిలో చూస్తే కూతురి కోసం కొన్న గోళ్లరంగు సీసా దొరికింది. ఎర్రటి ఎరుపు. చక్కగా గీత గీసింది, అందంగా వచ్చిందని మురిసింది కూడా. పాత గీత గీకేస్తానని మెకానిక్కు అన్నాడు, గీకలేదు.

ఎర్ర దీపం కింద తెల్ల గొట్టం ఎర్రగానే కనబడుతుంది. దాని మీద ఎర్రగీత ఇంకెక్కడ కనబడుతుంది? ఎర్రటిదేదీ ఆ గదిలోకి తేవద్దని, పెడితే మళ్లీ దొరకదని కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేది ఈవిడే. అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. తెల్ల దీపాలు ఆరిపోయాక ఆమె చేతికి ఒక గీత కావాలి, ఒక గీత కనబడింది, దాని దాకా తిప్పింది. చేతికి అలవాటైన పనిలో బుర్రని ఎవరు పిలుస్తారు? ఆ చప్పుడు లేని పంపు పగలూ రాత్రీ ఏరులా నీళ్లు తోసేస్తుంటే, అవి తీగలు బయట పెట్టలేక లోపలే దాక్కున్నాయి.

ఆమె ముందుకు వెళ్లి పిడిని ఎర్రగీత దాకా దించింది. నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. తోపు తగ్గి, మెత్తటి వాలు వేళ్లని తాకింది. అప్పుడు స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వు నవ్వుగానే ఉండి ఎప్పుడు ఏడుపయిందో ఆమెకే తెలియలేదు.

"ఏమైంది? నేనేమన్నా పాడుచేశానా?" అన్నాడు అన్నయ్య, తెర ఇంకా పట్టుకునే.

"లేదన్నయ్యా. ముందు తలుపు వెయ్యి, చెబుతాను."

చెప్పింది. విన్నాక ఆయన నవ్వలేదు. ఎవరో నడిసముద్రంలో దిక్సూచి పక్కనే ఇనుప సుత్తి మరిచిపోయి రాత్రంతా పడవ తిప్పిన కథ ఒకటి చెప్పాడు. ఆ ఎవరో ఎవరో ఆమె అడగలేదు.

"ఇప్పుడు తెరుచుకుంటాయా?"

"తెలీదు. ఎన్ని రోజులు పస్తున్నాయో. సాయంత్రానికి తెలుస్తుంది."

"తెరుచుకోకపోతే?"

"నీ మాట పోతుంది" అంది ఆమె. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. "నలుగురిలో నిలబడి వేస్తుంది అన్నావు. వాళ్లు నవ్వినా అన్నావు. నేను నీ పరువు గంగలో కలిపేశాననుకుని అన్నం కూడా సహించట్లేదు నాకు."

ఎర్ర చీకట్లో ఆయన మొహం ఆమెకి సరిగ్గా కనిపించలేదు.

"నా మాటదేముంది. పోతే పోనీ" అన్నాడు. "మళ్లీ అక్కడ వల పడుతుంది, అదే భయం."

మేడంని పిలిచి సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పేటప్పుడు చెవులు కాలిపోయాయి, అంత చలిలోనూ. మేడం ఎర్రగీత మీద వేలు పెట్టి, "గోళ్లరంగా?" అని, పెదవి కొరుక్కుంది. తర్వాత, "వాల్వు నేనూ చూడాల్సింది అక్కా. నీ మాట విని ఊరుకున్నాను" అంది. అంతటితో తప్పు పంపకాలు అయిపోయాయి. ఇక వాటిని కదిలించకుండా వదిలేయమంది.

అన్నాచెల్లెళ్లు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఆయన టీ తెచ్చాడు. చిన్నప్పటి సంగతులు మాట్లాడుకోలేదు, అలాంటివి ఇద్దరికీ చేతకాదు. పడవ ఇంజను గురించి ఆయన చెప్పాడు, కూతురి గోళ్లరంగు గురించి ఆమె చెప్పింది. అది మూడో సీసా అనీ, మొదటి రెండూ ఏమయ్యాయో ఎవరికీ తెలియదనీ. మధ్యాహ్నం ఆమె డబ్బా తెరిచి, ఆయనకి సగం పెట్టి, మిగతా సగం తనే ఖాళీ చేసింది. ఆయన గమనించాడు.

సాయంత్రం లేచేటప్పుడు ఆమె మేకుకి వేలాడుతున్న తన రెండో స్వెటరు తీసి ఇచ్చింది. అది ఆయన భుజాల దగ్గర బిగుసుకుపోయి, పొట్ట దాకా కూడా దిగలేదు. అలాగే వేసుకున్నాడు. తలుపు తీశారు, తలుపు వేశారు, ఆ తర్వాతే తెర తీశారు.

కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆమె తొట్టి వైపు చూడలేదు, ధైర్యం చాలక. ముందు చూసింది అన్నయ్యే.

"ఇవేంటి?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె చూసింది. కొమ్మకొమ్మకీ, గుంటగుంటకీ తీగలు. అన్నీ కాదు, అక్కడక్కడ ఇంకా బోసిగా ఉన్నాయి. కానీ మిగిలినవన్నీ విచ్చుకుని, నీటి వాలుకి ఒకే వైపు వాలి, మెల్లగా కదులుతున్నాయి. ఆమె వాల్వు కట్టి, గాజుగొట్టంతో రొయ్యపిల్లల్ని జారవిడిచింది. దగ్గరున్న ప్రాణి తీగలు ముడిచి ఒకదాన్ని పట్టుకుని నోట్లోకి లాక్కుంది. పక్కది కూడా. హమ్మయ్య అన్న మాట ఎందుకు పుట్టిందో ఆ క్షణంలో ఆమెకి తెలిసింది.

"తింటున్నాయే" అన్నాడు అన్నయ్య.

"తినక? వారం నుంచి పస్తులు."

ఆయన గాజుకి ముక్కు ఆనించి చూశాడు. ఊపిరి ఆవిరికి గాజు మసకబారితే స్వెటరు చేత్తో తుడిచి మళ్లీ చూశాడు. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగిన మనిషి.

"నేను వీటిని చచ్చినవే చూశాను" అన్నాడు. "డెక్కు మీద పడ్డప్పుడు రాళ్లలాగే ఉండేవి. పారతో ఎత్తి పోసేవాళ్లం. బతికున్నప్పుడు ఇలా ఉంటాయని నాకు తెలీదు."

ఆమె వాల్వుని ఎర్రగీత ఉన్న చోటికి తడిమి తిప్పింది. గోళ్లరంగు వేలికి ఉబ్బెత్తుగా తగిలింది.

"వీటిల్లో నేను విరిచినవి ఏవి?" అని అడిగాడాయన కాసేపాగి.

"అన్నీ నువ్వు విరిచినవే అన్నయ్యా."

ఆయన తలూపాడు. గాజు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. ఆమె కూడా తొందరపెట్టలేదు, తన స్టూలు ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చుంటే అది కుంటింది, కానీ పడలేదు.

"రేపు ఓడ మీద నేనూ వెళతాను. మేడంని అడుగు" అన్నాడు. "ఎక్కడ తీశానో అక్కడే దింపుతాను."

వాళ్లు బయటికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. బస్సు దిగి వీధిలోకి మలుపు తిరుగుతుంటే, కొట్టు ముందు కూర్చున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఒక స్వెటరు అయితే అలవాటే. ఈ రోజు రెండు. రెండోది పొట్ట దాకా కూడా రాకుండా ఒక భారీ మనిషి ఒంటి మీద బిగుసుకుని ఉంది, ఆయన చెమటలు కక్కుతున్నాడు, అయినా విప్పడం లేదు.

"ఏంటక్కా, మీ అన్నయ్యకి కూడా చలేనా?" అన్నాడు కొట్టువాడు.

"చలి పడదన్నాను ఇన్నాళ్లూ. పడుతుందిలే" అన్నాడు అన్నయ్య. చెల్లెలి చేతిలోని డబ్బా తను తీసుకుని ముందు నడిచాడు.